పులికాట్, నేలపట్టు చూడాలంటే ముందు నీళ్లు చూసుకోండి, తర్వాత సెలవులు

జనవరి వస్తే చాలు, సూళ్లూరుపేట వైపు తెలిసినవాళ్లు ఉన్న ప్రతి ఒక్కరూ అడిగే మాట ఒకటే, పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు (పొడుగు కాళ్ల గులాబీ పక్షులు) వచ్చాయా, ఎప్పుడొస్తే కనపడతాయి అని. చాలామంది పండగ సెలవులకో, ఫ్లెమింగో ఫెస్టివల్ డేట్లకో కారు వేసుకుని వచ్చేస్తారు, మధ్యాహ్నం పన్నెండింటికి సరస్సు మధ్య రోడ్డు మీద దిగుతారు, ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా ఏదో కనపడుతుంది, ఫోన్‌లో జూమ్ చేస్తే అదీ మసక, ఇంతేనా అనుకుని వెళ్లిపోతారు. ఇంత మంచి చోటు చూసి అలా నిరాశగా పోతుంటే బాధేస్తుంది అండి. అందుకే ఇది కొంచెం వివరంగా రాస్తున్నా.

మొదట ఒక విషయం బుర్రలో పెట్టుకోండి, ఇక్కడ అన్నీ నీళ్లని బట్టే. పక్షులు ఎప్పుడొస్తాయి, రోడ్డుకి ఎంత దగ్గరగా దిగుతాయి, పడవ తిరుగుతుందా లేదా, మెస్సులో మీ ప్లేట్‌లోకి ఏ చేప వస్తుంది, మొత్తం ఆ ఏడాది వాన ఎంత పడింది, సరస్సులో నీళ్లు ఎంత ఉన్నాయి అనేదాని మీదే ఉంటుంది. కేలెండర్ చూసి ప్లాన్ చేస్తే సగం సార్లు కుదరదు.

చోటు గురించి కొంచెం చెప్తా. పులికాట్ అంటే ఒడిశా చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడుగు దాదాపు 60 కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఆంధ్రాలోనే ఉంది, దక్షిణం కొస తమిళనాడులో. బంగాళాఖాతానికీ సరస్సుకీ మధ్యలో అడ్డుగోడలా ఉండే దీవే శ్రీహరికోట, రాకెట్లు ఎగిరే చోటు. కాళంగి, ఆరణి లాంటి ఏర్ల నుంచి మంచినీళ్లు వస్తాయి, ముఖద్వారాల దగ్గర సముద్రం నీళ్లు ఎక్కుతాయి, రెండూ కలిసి అటు ఉప్పు కాదు ఇటు చప్ప కాదు. వానలప్పుడు నిండితే 450 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది, ఎండాకాలం 250కి పడిపోతుంది. అంత తేడా ఎందుకంటే లోతు లేదు, చాలాచోట్ల మనిషి నడిచిపోయేంత నీళ్లే. సూళ్లూరుపేట దగ్గర ఉత్తరం వైపైతే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లింకిపోయి బీటలు వారిన బురద, మీద తెల్లగా ఉప్పు, అంతే కనపడుతుంది. ఎండాకాలం సెలవులకి పిల్లల్ని తీసుకొస్తాం అనేవాళ్లకి నేను వద్దనే చెప్తా.

ఆ లోతు లేకపోవడమే ఫ్లెమింగోలకి కావాల్సింది. అవి మామూలుగా ఈదుకుంటూ తినే పక్షులు కావు (ఈదగలవు, కానీ తిండికి ఎక్కువగా నిలబడతాయి). మోకాలి లోతులోపు నీళ్లలో నిలబడి, కాళ్లతో బురద తొక్కి కలబెట్టి, తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో నీళ్లు పీల్చి బయటకి తోసేస్తాయి, లోపల చిన్న చిన్న రొయ్యపిల్లలు, నాచు లాంటివి మిగిలిపోతాయి. ఆ తిండిలో ఉండే రంగు వల్లే రెక్కలకి ఆ గులాబీ వస్తుంది. పిల్లలు అయితే బూడిద రంగులో ఉంటాయి, చాలామంది అవి వేరే జాతి కొంగలు అనుకుంటారు. ఇప్పుడు ఆలోచించండి, నవంబర్‌లో తుఫాన్ పడి సరస్సు నిండుగా ఉందనుకోండి, నీళ్లు లోతయ్యాయి, ఇక అవి ఇక్కడ ఎందుకు దిగుతాయి? నీళ్లు తగ్గి బురద అంచులు బయటపడ్డాక, మామూలుగా జనవరి సగం నుంచి మార్చి దాకా, గుంపులు గుంపులుగా రోడ్డు దగ్గరికి వస్తాయి. వాన తక్కువ పడిన ఏడాది డిసెంబర్‌లోనే దగ్గరగా కనపడతాయి, ఎక్కువ పడితే ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే.

నేలపట్టు లెక్క దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. నేలపట్టు పక్షుల కేంద్రం సూళ్లూరుపేటకి ఉత్తరంగా దొరవారిసత్రం మండలంలో ఉంది, దాదాపు 20 కిలోమీటర్లు, హైవే నుంచి లోపలికి కొద్ది దూరమే. 1976లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, మొత్తం 458 హెక్టార్లు, అందులో చెరువు 80 పైచిలుకు హెక్టార్లు, మిగతాదంతా పొద అడవి. ఆ చెరువు మధ్యలో నీళ్లలోనే నిలబడి బతికే కడప చెట్లుంటాయి, వాటి మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు పెడతాయి. దక్షిణాసియాలో గూడబాతులు పెద్ద సంఖ్యలో పిల్లల్ని పెంచే చోట్లలో ఇదొకటి. చెట్టు చుట్టూ నీళ్లుంటే కిందనుంచి పిల్లుల్లాంటి వేటజంతువులు గూళ్ల దాకా చేరడం కష్టం, అందుకని అక్టోబర్, నవంబర్‌లో వాన పడి చెరువు నిండితేనే అవి ధైర్యంగా గూళ్లు కడతాయి. డిసెంబర్, జనవరి వచ్చేసరికి పిల్లలు బయటకి వస్తాయి, మార్చి దాకా కోలాహలమే. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు, తెడ్డుమూతి కొంగలు కూడా అదే చెట్ల మీద అపార్ట్‌మెంట్‌లో కాపురాలున్నట్టు అంతస్తుల వారీగా ఉంటాయి.

కాబట్టి డిసెంబర్ లీవుకి అమెరికా నుంచి వచ్చేవాళ్లు, క్రిస్మస్ సెలవులు తప్ప వేరే దారి లేనివాళ్లు నేలపట్టుని మెయిన్‌గా పెట్టుకోండి, ఫ్లెమింగోలు కనపడితే అదృష్టం అనుకోండి. రెండూ బాగా చూడాలంటే నా ఓటు జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా. బయల్దేరే ముందు ఆ వారం నీళ్లెలా ఉన్నాయో సూళ్లూరుపేటలో మీరు బుక్ చేసుకునే లాడ్జి వాళ్లనో ఆటో వాళ్లనో ఫోన్ చేసి అడగండి, "అటకానితిప్ప రోడ్డు పక్కన పక్షులు దిగాయా" అంటే (సరస్సు మధ్య నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు మీద ఉండే చోటు అది) వాళ్లు టక్కున చెప్తారు.

ఫెస్టివల్ సంగతి కూడా చెప్పేస్తా. కొన్నేళ్లు ఆగిపోయి 2025 జనవరి 18 నుంచి 20 దాకా మళ్లీ ఘనంగా చేశారు. స్టాల్స్, డాన్సులు, పడవలు, స్కూల్ పిల్లల బస్సులు, ఊరంతా తిరనాళ్లే. చిన్నపిల్లలున్న వాళ్లకి సరదాగా ఉంటుంది, ఊళ్లోవాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి, అది మంచిదే. కానీ మీకు పక్షులు కావాలంటే ఆ మూడు రోజులు వదిలేసి తర్వాత వారం మామూలు రోజున రండి. జనం, హారన్లు, మైకులు ఉన్నచోట ఏ పక్షి దగ్గరికి రాదు.

ఎలా రావాలి అంటే, సూళ్లూరుపేట చెన్నై-కోల్‌కతా హైవే మీదే ఉంది, 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ భాషా తిండీ అంతా నెల్లూరే. చెన్నై నుంచి 80 కిలోమీటర్ల పైన, నెల్లూరు నుంచి సుమారు 100. తిరుపతి నుంచైతే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రెండు గంటల లోపే, దర్శనానికి వచ్చినవాళ్లు ఒకరోజు అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది. రైలుకి చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి సూళ్లూరుపేటకి లోకల్ ట్రైన్లు ఉన్నాయి, చవక. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి అన్ని ఎక్స్‌ప్రెస్‌లు సూళ్లూరుపేటలో ఆగవు, టికెట్ తీసేటప్పుడు చూసుకోండి, ఆగకపోతే గూడూరులో దిగి మెమూ గానీ బస్ గానీ పట్టుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, మ్యాప్‌లో ఉత్త "పులికాట్" అని కొట్టకండి. పులికాట్ అనే ఊరు తమిళనాడులో పొన్నేరి దగ్గర ఉంది, అక్కడివాళ్లు పళవేర్కాడు అంటారు, మ్యాప్ మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిపోతుంది. చూడ్డానికి సరస్సు ఒకటే, కానీ అటు నుంచి ఇటు రోడ్డు లేదు, గుమ్మిడిపూండి మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఒక పూట పోతుంది. మీరు "అటకానితిప్ప" అని గానీ "సూళ్లూరుపేట శ్రీహరికోట రోడ్" అని గానీ పెట్టుకోండి. పళవేర్కాడు కూడా బాగుంటుంది, అది వేరే ట్రిప్, డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్లు, చెక్కిన రాళ్లున్న వాళ్ల పాత సమాధులు ఉన్నాయి, చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు చెన్నై నుంచి వెళ్లి చూడొచ్చు.

ముందురోజు సాయంత్రానికే సూళ్లూరుపేట చేరి అక్కడే పడుకోండి. లాడ్జిలు మామూలుగా ఉంటాయి, కొంచెం మంచి హోటల్ కావాలంటే తడ, శ్రీసిటీ వైపు చూసుకోండి. పొద్దున ఆరింటికల్లా శ్రీహరికోట రోడ్డు ఎక్కేయాలి. ఈ రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పడమర నుంచి తూర్పుకి నేరుగా పోతుంది, రెండు పక్కలా నీళ్లే. సూర్యుడు ఎదురుగా వస్తాడు, చలికాలం కాబట్టి కొంచెం దక్షిణానికి వాలి ఉంటాడు, అందువల్ల రోడ్డుకి ఉత్తరం వైపు, అంటే మీరు వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు ఉన్న పక్షుల మీద వెలుతురు బాగా పడుతుంది, రంగు కనపడుతుంది. కుడి వైపువి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. ఫొటోలు తీసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. తొమ్మిది దాటితే నీళ్ల మీద ఎండ మిరుమిట్లు గొలిపి, వేడికి గాలి వణికినట్టు అయ్యి, ఎంత పెద్ద లెన్స్ పెట్టినా మసకే.

కారు దిగగానే తలుపు ధడేల్మని వేయొద్దు. కారుని పూర్తిగా పక్కకి దించి ఆపండి, షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు ఈ రోడ్డు మీద పొద్దునా సాయంత్రం వరసగా, స్పీడ్‌గా వెళ్తుంటాయి, రోడ్డు మధ్యలో నిలబడి సెల్ఫీలు ప్రమాదం. కుదిరితే కారు లోపలే కూర్చుని అద్దం దించి చూడండి, పక్షులు కారుకి అంత భయపడవు, మనిషి దిగి నడిస్తేనే భయం. బైనాక్యులర్ ఒకటి తప్పనిసరి, 8x42 ఉంటే చక్కగా సరిపోతుంది, కొనలేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, అది లేకుండా ఈ ట్రిప్ సగం ట్రిప్పే. ఇక కనపడ్డాక వెంటనే ఫొటో తీసి వెళ్లిపోకుండా ఒకే గుంపుని ఒక పావుగంట చూడండి. ముందు అన్నీ ఒకేలా కనపడతాయి, కాసేపయ్యాక ఒకటి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ బురద తొక్కడం, పక్కది మెడ చాపి కాపలా కాయడం, బూడిద రంగు పిల్ల పెద్దదాని వెనకే పోవడం, ఒకటి రెక్క విప్పగానే లోపల ఎర్రగా నల్లగా ఒక్కసారిగా మెరవడం, ఒక్కోటీ తెలుస్తాయి. వాటి మధ్యలో సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు, పొడుగు ఎర్రకాళ్ల పిట్టలు కూడా ఉంటాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తా. పక్షుల్ని ఎగరగొట్టి వీడియో తీయడానికి రాళ్లు వేయడం, చప్పట్లు కొట్టడం, హారన్ మోగించడం దయచేసి చేయకండి. గుజరాత్ కచ్ రణ్‌లో ఈ పక్షులు పిల్లల్ని పెంచుతాయి, అంత దూరం ఎగరడానికి ఒంట్లో కొవ్వు దాచుకునేది ఇలాంటి చోట్లే, ఊరికే లేపితే తిన్న బలం అంతా వృథాగా పోతుంది వాటికి. డ్రోన్ అసలు తేవద్దు, పక్కన షార్ ఉంది, ఎగరేస్తే పెద్ద కేసే. అలాగే బురదలో వంగి చేతులతో రొయ్యలు, ఎండ్రకాయలు పట్టుకునే యానాది ఆడవాళ్లు, మగవాళ్లు కనపడతారు, వలా గాలం ఏమీ లేకుండా చేత్తోనే తడిమి పట్టడం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అడక్కుండా వాళ్ల మొహంలో కెమెరా పెట్టకండి, అది వాళ్ల కూలి పని. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి నుంచి కదిలి వచ్చిన కుటుంబాలు కూడా వాళ్లలో ఉన్నాయి.

రోడ్డు మధ్యలో అటకానితిప్ప దగ్గర ఫారెస్ట్ వాళ్ల కేంద్రం ఉంది, పక్షుల గురించి బోర్డులు, బొమ్మలు ఉంటాయి, పిల్లలకి అక్కడ చూపించి తర్వాత బయట నిజం పక్షుల్ని చూపిస్తే బాగా గుర్తుపడతారు. ఇంకా ముందుకి వెళ్తే షార్ గేటు, అక్కడితో మనకి ఆఖరు, పాస్ లేకుండా లోపలికి పంపరు. నీళ్ల సీసాలు, టిఫిన్ బాక్సులు, ముసలివాళ్లుంటే వాళ్ల మందులు అన్నీ సూళ్లూరుపేటలోనే సర్దుకుని రావాలి, రోడ్డు మీద షాపులేం ఉండవు, బాత్రూం ఇబ్బంది కూడా ఉంది, బయల్దేరే ముందే చూసుకోండి.

తొమ్మిదిన్నరకి వెనక్కి తిరిగి ఊళ్లో టిఫిన్ చేయండి. తమిళనాడు బోర్డర్ కాబట్టి పొంగల్, సాంబార్ వడ బాగుంటాయి, అయితే కారం దోశ దొరికితే అదే చెప్పండి. ఎండుమిరపకాయ, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన ఎర్రకారం దోశ మీద పలచగా రాసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి ఎర్రగా కాలుస్తారు, నెల్లూరు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. తిన్నాక చెంగాళమ్మ గుడికి వెళ్లి రండి, కాళంగి ఒడ్డున ఉంటుంది, ఈ గుడికి తలుపులు ఉండవు, రాత్రీ పగలూ అమ్మవారి దర్శనం. రాకెట్ ప్రయోగాలకి ముందు ఇస్రో పెద్దలు కూడా ఇక్కడికొచ్చి దండం పెట్టుకుని వెళ్తుంటారు.

ఇక భోజనం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే ఇక్కడిదాకా వచ్చి హైవే మీద ఫుడ్ ప్లాజాలో ఫ్రైడ్ రైస్ తిని వెళ్లేవాళ్లని చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. చిన్న మెస్సులకి వెళ్లండి, అరిటాకో స్టీల్ కంచమో, కూర్చోగానే "ఈరోజు ఏం చేప" అని అడగండి. మెనూలో ఉన్నది అడగొద్దు, పొద్దున వచ్చినది అడగండి. సరస్సు చేపకీ సముద్రం చేపకీ చెరువు చేపకీ రుచి వేరు. వంజరం సముద్రానిది, వేపుడుకి బాగుంటుంది. పండుగప్ప ముఖద్వారాల దగ్గర ఉప్పునీళ్లలోనూ చప్పనీళ్లలోనూ తిరుగుతుంది, కండ గట్టిగా ఉంటుంది. కొరమీను చెరువుల్లోది, ముళ్లు తక్కువ, పిల్లలకి పెట్టొచ్చు. బొమ్మిడాయిలు దొరికిన రోజైతే ఇక ఇంకేం ఆలోచించకండి, పులుసు చెప్పేయండి.

నెల్లూరు చేపల పులుసు అసలుది ఎలా ఉంటుందో తెలిస్తే మీరే గుర్తుపట్టొచ్చు. మట్టి దాకలో నూనె పోసి ఆవాలు, మెంతులు, కరివేపాకు, ఉల్లిపాయలు, టమాటాలు వేసి మగ్గనిచ్చి, చిక్కటి చింతపండు పులుసు పోసి బాగా మరగనివ్వాలి, పచ్చి వాసన పోయి నూనె పైకి తేలాకే చేప ముక్కలు వేయాలి. చేప పడ్డాక గరిట పెట్టకూడదు, దాకని రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా కదపాలి, లేకపోతే ముక్క చెదిరిపోతుంది. దించే ముందు ధనియాలు, మెంతులు, జీలకర్ర, ఆవాలు వేయించి కొట్టిన పొడి చల్లుతారు. పుల్లటి మామిడికాయ ముక్కలు పడితేనే అది నెల్లూరు పులుసు అంటారు మావాళ్లు, అందుకే ఫిబ్రవరి చివర మామిడికాయలు మొదలయ్యాక వచ్చినవాళ్లకి రుచి ఇంకా బాగా దొరుకుతుంది. ఇంకో విషయం, పొద్దున వండి మధ్యాహ్నం తినేదానికంటే, నిన్న రాత్రి వండినది ఈరోజు బాగుంటుంది, ముక్కకి పులుపూ ఉప్పూ పట్టి ఉంటుంది. కాబట్టి మెస్సు ఆయన "నిన్నటి పులుసు ఉంది సార్" అంటే మొహం చిట్లించకండి, అదే ముందు పోయించుకోండి. ఒకప్పుడు దీని కిందకి మొలగొలుకుల అన్నం ఉండేది, నెల్లూరుకి పేరు తెచ్చిన బియ్యం అది, ఇప్పుడు ఎక్కడో తప్ప దొరకదు.

ఎండ్రకాయలు కూడా పులికాట్ స్పెషలే, కాకపోతే బాగా పెద్దవి చెన్నై మీదుగా ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లిపోతాయి, ఊళ్లో మిగిలేవి మధ్య సైజువి. రేటు ముందే అడగండి, కిలో లెక్కనా ప్లేట్ లెక్కనా అని. రొయ్యల్లో చెరువుల్లో పెంచినవి, సరస్సులో పట్టినవి రెండూ వస్తాయి, సరస్సువి చిన్నగా ఉన్నా తియ్యగా ఉంటాయి. చేపలు తిననివాళ్లకి పప్పు, గోంగూర, పెరుగు దొరుకుతాయి, ఇబ్బందేం లేదు. జనవరిలో రోడ్డు పక్కన తేగలు అమ్ముతుంటారు, కట్ట కొనుక్కుని కార్లో నములుతూ పోవచ్చు.

తిన్నాక రెండు గంటలు రెస్ట్ తీసుకోండి, మూడింటికి నేలపట్టు బయల్దేరండి. ఎందుకు మధ్యాహ్నం అంటే, ఎండెక్కి గాలి వేడెక్కాక గూడబాతులు ఆ వేడి గాలి మీద రెక్కలు కదపకుండా గుండ్రాలు తిరుగుతూ పైకి లేచి పులికాట్ వైపు వేటకి పోతాయి, సాయంత్రం పొట్ట నిండా చేపలతో తిరిగి వస్తాయి. టికెట్ తీసుకుని కట్ట మీద నడిచి వాచ్ టవర్ ఎక్కండి, అక్కడే ఓపిగ్గా ఉండండి. తల్లి గూటి మీద వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ, గొంతు చించుకుంటూ మీద పడుతుంది, తల్లి ముక్కు తెరిస్తే పిల్ల తన తలా మెడా మొత్తం ఆ సంచిలోకి దూర్చేస్తుంది, లోపల పెనుగులాట, పక్కకి తూలిపోతాయి రెండూ, కాసేపటికి పిల్ల తల బయటకి తీసి నీరసంగా గూట్లో చతికిలపడుతుంది. ఏ టీవీలో చూసినా ఇంత దగ్గరగా చూసినట్టు ఉండదు. పిల్లలకి చూపించాల్సింది ఇది.

వాసన ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా, వేల పక్షుల రెట్ట కదా. కానీ ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి పారితే ఎరువు అక్కర్లేదని చుట్టుపక్కల రైతులు చెప్తారు, అందుకే తరాలుగా ఈ పక్షుల్ని ఊరివాళ్లే కాపాడుకుంటూ వచ్చారు. సర్కారు బోర్డు పెట్టకముందు నుంచీ ఉన్న కాపలా అది, నాకు ఈ చోటంటే అంత ప్రేమ ఉండడానికి అది కూడా ఒక కారణం. అక్కడ గట్టిగా అరవకండి, ఎర్రటి, పసుపు బట్టలు కాకుండా మట్టి రంగువి వేసుకోండి, చిప్స్ ప్యాకెట్లు కట్ట మీద వదలొద్దు. సాయంత్రం దోమలు ఉంటాయి, ఫుల్ హ్యాండ్స్ షర్ట్ మంచిది.

పడవ ఎక్కాలనుకుంటే తడ దగ్గర భీమునివారిపాళెం, అందరూ బీవీ పాళెం అంటారు, అక్కడికి వెళ్లాలి. నీళ్లు బాగున్న నెలల్లో సరస్సులోకి తిప్పుతారు, ఇరకం దీవి జనం రాకపోకలకి కూడా అక్కడి నుంచే పడవలు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి, ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోండి, మొహమాటం వద్దు. 2011 క్రిస్మస్ రోజు తమిళనాడు వైపు ఇదే సరస్సులో పడవ తిరగబడి 22 మంది పోయారు. లోతు లేదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, ముఖద్వారాల దగ్గర ఉరవడి గట్టిగా ఉంటుంది, కింద బురద కాలిని పట్టేస్తుంది.

రెండో రోజు ఉంటే ఏం చేయాలంటే, నాకైతే మళ్లీ పొద్దున్నే అదే రోడ్డుకి వెళ్లడం ఇష్టం, మొదటి రోజు కనపడనివి రెండో రోజు కనపడతాయి. అది బోర్ అనుకుంటే నెల్లూరు వైపు వెళ్లండి, పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి, మైపాడు బీచ్ ఉన్నాయి, ఊళ్లో మలై కాజా కొనుక్కోండి, రెండు రోజుల్లో తినేయాలి. చీరలు కావాలంటే వెంకటగిరి. తడ దగ్గర ఉబ్బలమడుగు జలపాతం గురించి అందరూ చెప్తారు, కానీ అది అడవిలో నడక, పిల్లలు, పెద్దవాళ్లతో పక్షుల ట్రిప్‌లో కలపకండి, విడిగా వెళ్లండి.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజుతో కలిసేలా ప్లాన్ చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, కానీ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. 2019 నుంచి షార్‌లో జనం కూర్చుని చూడ్డానికి గ్యాలరీ ఉంది, ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, డబ్బులేం ఉండవు, సీట్లు గబగబా అయిపోతాయి, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ తీసుకెళ్లాలి. ఆ రోజు అటకానితిప్ప రోడ్డు మీద పోలీసు చెకింగ్‌లు, ట్రాఫిక్, ఎక్కడ పడితే అక్కడ కారు ఆపనివ్వరు, పక్షుల్ని చూడ్డం కుదరదు. ప్రయోగానికి ముందురోజు పక్షులు, తర్వాతరోజు రాకెట్ పెట్టుకోండి, లాడ్జి మాత్రం డేట్ ప్రకటించిన రోజే బుక్ చేయండి, తర్వాత నాయుడుపేటలో కూడా రూమ్ దొరకదు. వాతావరణం బాగోక ప్రయోగం వాయిదా పడడం మామూలే, కాబట్టి తిరుగు టికెట్‌కి ఒకరోజు మార్జిన్ ఉంచుకోండి. వాయిదా పడిందా, ఆ పొద్దున్న మళ్లీ పక్షుల దగ్గరికే వెళ్లండి, పోలీసులు రోడ్డు వదిలేసి ఉంటారు.